కొట్టంలోకి తోలిన బంతి

సాయుధ పోరాటం రోజుల్లో మా ఊరిని ఓడించింది రజాకార్లు కాదు, నేను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. చేతిలో తుపాకీ కూడా లేదు, ఒక తోలు బంతి ఉంది, అంతే. దానితోనే ఊరి పరువును అందరూ చూస్తుండగా మట్టిలో కలిపాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, వాటితో నా గొప్పలు రాసుకోవచ్చు. కానీ గొప్పలన్నీ కలిపినా ఈ ఒక్క తప్పు ముందు తేలిపోతాయి. అందుకే ముందు దీన్ని దించుకుంటాను, మీరు నవ్వుకోండి.

మా ఊరు కురవికి కోసెడు దూరం. సాంబన్నదీ మా ఊరే. పట్నంలో ఒక నవాబు సరదాకు పెట్టుకున్న జట్టులో పదేళ్లు ఫుట్‌బాల్ ఆడాడు. బంతి తన్నినందుకు నెలనెలా జీతం తీసుకున్నాడు. ఈ మాట మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

"కాలుతోని తంతే పైసలిస్తరా? మా ఎద్దు రోజు తంతది, దానికెంత ఇస్తరో అడుగు" అంది మా అవ్వ.

"నీ ఎద్దునియ్యి చిన్నమ్మా, జట్టుల ఆడిపిస్త. గని అది నా మాట ఇంటదా?" అన్నాడు సాంబన్న.

ఒక ఆటలో ఆయన మోకాలు విరిగింది. నవాబు మనుషులు ఇంటికి పంపేశారు. ఒక కాలు ఈడుస్తూ, చంకలో తోలు బంతితో ఊరికొచ్చాడు. ఇంకొకరైతే మంచమెక్కి పాత ముచ్చట్లు చెప్పుకునేవారు. ఈయన వారం తిరగకముందే గొడ్లు కాసేవాళ్లను, కల్లుకు తాళ్లు గీసేవాళ్లను, కూలికి పోయేవాళ్లను పోగు చేసి జట్టు కట్టి, "ఇగ నేను మీ మేనేజర్ని" అన్నాడు. మేనేజరంటే ఏమిటో మాకు తెలియదు. ఆట ఆడకుండా ఆడేవాళ్లకంటే ఎక్కువ చెమట కార్చేవాడని కొన్నాళ్లకు అర్థమైంది.

ఆయన కన్ను కన్ను కాదు, జల్లెడ. ఎవరు దేనికి పనికొస్తారో ఒక్క చూపుతో తేల్చేవాడు. తాళ్లెక్కేవాళ్ల పిక్కలు చూసి వాళ్లను ముందు వరుసలో నిలిపాడు. ఒకనాడు మా తమ్ముడు చెట్టు మీది నుంచి మామిడికాయలు విసురుతున్నాడు, నేను ఒక్కటి కూడా నేల తాకకుండా పట్టేస్తున్నాను. సాంబన్న చూసి ఆగిపోయాడు.

"కొమురమ్మా, గోలు కాడ నిలబడతవా?"

"గోలంటే ఏందన్నా?"

"రెండు గుంజలు. బంతి గుంజల దిక్కొస్తే పట్టాలె. అంతే."

అంతేనన్నాడు. గుర్తుపెట్టుకోండి, అంతేనన్నాడు. మూడు పొద్దులు నాకు బంతి పట్టడమే నేర్పించాడు. ఎగిరి పట్టాను, పొర్లి పట్టాను, ఒకసారి గడ్డంతో కూడా పట్టాను.

అప్పుడే సంగం ఊళ్లో బలపడుతోంది. రజాకార్లు ఏ పూట మీద పడతారో తెలియదు. మా దగ్గర తిప్పి రాళ్లు విసిరే వడిసెలలే ఆయుధం. వడిసెలలో రాయి పెట్టేచోట గట్టి తోలు కావాలి. సంగం పెద్ద నర్సయ్య తాత చూపు బంతి మీద పడింది.

"సాంబా, గా బంతి కోస్తే పది వడిసెలలకు తోలెల్తది."

"బంతి కోస్తే ఉరికేటోళ్లు కూసుంటరు తాతా. ఉరికేటోడు లేకుంట వడిసెల తిప్పి ఏం లాభం?"

"ఆటలతోని ఊరు నిలుస్తదా?"

"ఐతారం దంతాలపల్లి దిక్కు నుంచి జట్టొస్తున్నది. మేం ఓడకుంటే బంతి మాది. ఓడితే నువ్వే కొయ్యి."

ఆదివారం రానే వచ్చింది. అసలు గోలు కాసేవాడికి ఆ పూట గుట్ట మీద కావలి పడింది. అతని చోట నన్ను నిలబెట్టాడు సాంబన్న. వచ్చిన జట్టు నన్ను చూసి పడీపడీ నవ్వింది.

"ఏందన్నా, ఆడిపిల్లను వెట్టినవ్? మీ ఊర్ల మొగోళ్లు లేరా?"

"మస్తుగున్నరు. గని వాళ్లకు చేతుల్లెవ్వు" అన్నాడు సాంబన్న.

ఈల ఊదేది వాళ్లతో వచ్చిన బడిపంతులు. నర్సయ్య తాత ఒక బండ మీద కూర్చుని కత్తి నూరుతున్నాడు. ఆ గరగర శబ్దానికి మా వాళ్లు లేళ్లయ్యారు. అవతలివాళ్లు నాలుగుసార్లు గుంజల దాకా వచ్చారు, నాలుగుసార్లూ బంతి నా చేతుల్లోనే పడింది. పొద్దు వాలింది. రెండువైపులా ఒక్క గోలు లేదు. తాత కత్తి నూరడం ఆపేశాడు. ఇంకొద్దిసేపు గడిస్తే బంతి బతికినట్టే.

అప్పుడొచ్చింది ఐదోది. పట్టాను. కానీ నలుగురు బలిసిన పిల్లలు పొగరెక్కిన కోడెల్లా నా మీదికి ఉరికొస్తున్నారు. మీరే చెప్పండి, పుట్టిన కాడి నుంచి గొడ్లు కాసిన పిల్లకు ఏం తోస్తుంది? తోడేలు వస్తే దూడను ఎక్కడ పెడతాం? కొట్టంలో పెడతాం. నా వెనకే రెండు గుంజలున్నాయి. బంతిని పొట్టకు అదుముకుని వెనక్కి తిరిగాను, గుంజల లోపలికి దూరాను, బంతిని కింద పెట్టాను, పక్కనున్న వెదురుకర్రను గుంజలకు అడ్డంగా కూడా పెట్టాను.

"అయిపాయె, లోపలేసిన" అని అరిచాను.

పంతులు ఈల ఊదాడు. అవతలి జట్టు గంతులేసింది. నన్నే మెచ్చుకుంటున్నారనుకుని నేనూ వాళ్లతో కలిసి గంతులేశాను. మా వాళ్లు మాత్రం ఎందుకో నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

సాంబన్న కుంటుకుంటూ వచ్చాడు.

"ఏం జేసినవ్ బిడ్డా?"

"కాపాడిన గదన్నా. అడ్డకర్ర గూడ ఏసిన."

ఆయన కాసేపు ఆ కర్రను చూశాడు. దాన్ని తీసి పక్కన పెట్టి, బంతిని తెచ్చి తాత ముందు ఉంచాడు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. నాకు ఏడుపొచ్చింది.

"మాట మాటే తాతా, కొయ్యి" అన్నాడు. "గని పిల్లనేమనకు. పట్టుడు నేర్పిన, పట్టినంక ఏం జెయ్యాల్నో చెప్పలే. గది నా తప్పు. నా మోకాలు ఇరిగిన పొద్దు మా మేనేజరు అందరి ముంగట తప్పంత నా మీదికే తోసిండు. అప్పుడే అనుకున్న, నేనైతే గిట్ల చెయ్యొద్దని."

తాత నన్ను పిలిచాడు.

"నలుగురు మీదికొస్తే బంతినెందుకు ఇడువలె?"

"ఇడిస్తే పోతది గద తాతా."

"సాంబా, గిసొంటోళ్లు నీ కాడ ఎంతమంది తయారైతరు?"

"బంతుంటే ఊరంత."

తాత కత్తి ఎత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన తన కాళ్ల చెప్పులు విడిచి, వాటి తోలు కోస్తున్నాడు.

"సూస్తరేంది? మీవి సుత తియ్యున్రి" అన్నాడు పక్కనున్న పెద్దలతో. "కావలి దళం ఇగ సాంబనిది. బంతి గూడ వానిదే."

పది వడిసెలలకు తోలు వచ్చింది. ఆ తర్వాత రజాకార్ల జాడ తెలిస్తే మా ఆటగాళ్లే నాలుగూళ్లకు కబురు మోసుకుని ఉరికేవారు. ఒక్కరూ దొరకలేదు. సాంబన్నను చనిపోయేదాకా ఊరంతా మేనేజర్ అనే పిలిచింది. నవాబు ఇచ్చిన జీతం కంటే ఆ పిలుపే పెద్దదనేవాడు.

ఆ సాయంత్రం మాత్రం ఊరి పెద్దలంతా పల్లేరుకాయల మీద ఉత్త కాళ్లతో ఎగురుకుంటూ ఇళ్లకు పోయారు. ప్రతి గెంతుకూ ఒకసారి నా పేరు తలుచుకున్నారు. అది విని నేను గట్టి ఒట్టు పెట్టుకున్నాను, చేతికందిన వస్తువును ఎటు పోవాలో కనుక్కోకుండా ఈ జన్మలో లోపల పెట్టనని. ఇప్పటికీ కోడలు కూరగాయల సంచి అందిస్తే గడప బయటే నిలబడి అడుగుతాను: "లోపలికి తేవచ్చా, ఎవరూ ఓడిపోరు కదా?"