పేము మొలకల మీద నా పగ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఇరవై రెండేళ్ల వాళ్లందరికీ ఉండే జబ్బే, నాకు కాస్త ముదిరింది. చల్లపల్లి దగ్గర వరి రైతు ఇంట్లో పుట్టి, డిగ్రీ అయిందనిపించుకుని, గన్నవరం రోడ్డు మీద ఒక నర్సరీలో పనికి కుదిరాను. నాతోపాటే చేరిన ఇంకో కుర్రాడిది గుణదల. అందరూ వాణ్ణి గుణదల బాబు అనేవారు. వాడికి వరికీ గడ్డికీ తేడా తెలియదు (ఇది నేను ప్రచారం చేసిన మాటే లెండి). అయినా మా యజమానురాలు మేడంగారికి వాడంటే తగని అభిమానం. టీ వస్తే మొదటి గ్లాసు వాడికే. నా ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు మేడంగారు ఎవరో తెలిసినాయన పంపిన పేము పండ్లు రెండు పొట్లాల నిండా తెచ్చారు. కుర్చీలు అల్లుతారే, ఆ పేము తాటి, ఈత చెట్ల చుట్టమేనని, అడవుల్లో ముళ్లతో చెట్లకు ఎగబాకుతుందని నాకు అప్పుడే తెలిసింది. "చెరో పొట్లం తీసుకోండి. ఎవరివి బాగా మొలిస్తే ఈ షేడ్‌నెట్ వాళ్లకే అప్పగిస్తాను" అన్నారు. షేడ్‌నెట్ అంటే, లేత మొక్కలకు నీడకోసం ఆకుపచ్చ వల కప్పిన పెద్ద పందిరి, మామూలు మాటా! తాళంచెవి మనదే, కింద ఇద్దరు పనివాళ్లు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

బాబు ఆ పూటే పండ్లు పంపినాయనకు ఫోన్ చేశాడు. ఆయన చెప్పినట్టే పొలుసులూ గుజ్జూ ఇసుకతో రుద్ది కడిగి, గింజల్ని కొబ్బరిపొట్టు నింపిన ట్రేలో నాటి, నీడన పెట్టాడు. "నువ్వూ కనుక్కోరా, చెబుతాడు" అన్నాడు.

"రైతుబిడ్డకి విత్తనం సంగతి ఒకడు చెప్పాలంట్రా?" అన్నాను.

మా ఇంట్లో వడ్లకు చేసినట్టే పండ్లను పండ్లుగానే నానబోసి, గోనెసంచిలో మూటగట్టి, పైన గడ్డి కప్పి, బరువు పెట్టి మండె కట్టాను. వడ్లయితే ఒకటి రెండు రోజుల్లో తెల్లగా మొలక కనబడుతుంది. ఇవి వారానికి కంపు కొట్టాయి (ఎలుక చచ్చిందని మేడంగారు మూలమూలా వెతికించారు). విప్పి చూస్తే అంతా బూజు.

ఇక మిగిలింది ఒక్కటే, వాడివీ మొలవకుండా చూడటం. నీళ్లెక్కువైతే నారు కుళ్లడం మా పొలంలో చూసినవాణ్ణే. మధ్యాహ్నం వాడు అన్నానికి వెళ్లగానే రోజూ చెంబెడు నీళ్లు వాడి ట్రేలో గుమ్మరించేవాణ్ణి. ఆదివారం కూడా బస్సెక్కి వచ్చి మరీ పోశాను! అలా రెండు నెలలు గడిచాయి. మూడో నెలలో చూద్దును కదా, ట్రే నిండా పచ్చటి మొలకలు. అడుగున చిల్లులున్న ట్రేలో నీళ్లు నిలవవని, పేముకు ఎప్పుడూ చెమ్మ కావాలని, బెజవాడ ఎండకు ఆ మధ్యాహ్నపు నీళ్లే లేకపోతే అవి మాడిపోయేవని తర్వాత తెలిసింది.

మేడంగారు చూసి మురిసిపోయారు. "శభాష్ బాబూ! షేడ్‌నెట్ నీదే" అన్నారు. వాడు తల గోక్కున్నాడు.

"నేను పొద్దున ఒక్కసారే పోస్తానండీ. రోజూ మధ్యాహ్నం పోసింది మావాడండీ. అన్నం తినే గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. తనవి పోయినా నావి బతకాలని మండుటెండలో వచ్చి పోశాడండీ. మీరు వాడికే ఇవ్వండి."

నేను నోరు విప్పాలా? విప్పలేదు. సిగ్గరిలా తల దించుకున్నాను (నిజంగా సిగ్గే). మేడంగారు కళ్లొత్తుకుని తాళంచెవి నా చేతిలో పెట్టారు.

సంతోషించాల్సింది పోయి, ఆ సాయంత్రం బస్సులో వాణ్ణి చూసి ఇంకా కుళ్లుకున్నాను. నేను రెండు నెలలు కుట్ర చేసినా దక్కనిదాన్ని ఒక్క మాటతో ఇచ్చేసి, హాయిగా వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు వెధవ. అందులోనూ సగం నాకే పెట్టాడు. ఇన్నేళ్లలో వాడికి నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్కలేదు. ప్రతిసారీ "ఏరా, అన్నం తిన్నావా?" అని అడిగి పెట్టేస్తున్నాను.