కంచె పక్క పూలతోట

సువార్తమ్మ తోటలో వరసలుండవు. బంతి మధ్యలో చామంతి, దాన్ని ఒరుసుకుంటూ కనకాంబరం, కంచె మీద శంఖుపూల తీగ, గుమ్మం పక్కన నడుమెత్తు మందారం. పత్తి తీతకు వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఒక కొమ్మ అడిగి, తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంటుంది. నాటాక మడమతో మట్టి తొక్కుతుంది గానీ, నీళ్లు మాత్రం దోసిలితోనే పోస్తుంది. బీటీ విత్తనం వచ్చాక పురుగు బెంగ తీరిందనుకున్న ఆ ఏళ్లలోనే పత్తికి తెల్లటి పిండిలా అంటుకునే పిండినల్లి పురుగు పట్టింది. కంచె అవతలి చేను రత్తయ్యది. ఊళ్లో ఉన్నప్పుడు ఆమె ఏటా కూలికి పోయేది ఆ చేలోకే. ఆవేళ ఆయన స్ప్రేయరు వీపున వేసుకుని వచ్చాడు.

“ఏమే, నీ మందారం ఆకుల కింద తెల్లగా ఉంది చూశావా? అది నా చేలోకి దిగితే పంటంతా పోద్ది. పీకుతావా, తోట మొత్తం మందుతో తడిపెయ్యమంటావా?”

“తడిపితే తేనెటీగ కూడా మిగలదయ్యా.”

“తోటలు పెంచడానికి నువ్వేమన్నా మహారాణివా?”

సువార్తమ్మ లోపలికి వెళ్లింది. గునపం తెచ్చి మందారాన్ని వేళ్లతో సహా పెళ్లగించింది. గోతంలో కుక్కి, కిరసనాయిలు పోసి అంటించింది. మంట ఆరేదాకా అక్కడే నిలబడి, తర్వాత కంచె దాటి ఆయన చేలోకి నడిచింది.

“ఎక్కడికే?”

“నిన్న తీతలో చూశానయ్యా. నాలుగో సాలులో మీ మొక్కలకీ ఉంది పిండి. పీకుదాం రండి.”

రత్తయ్య కాళ్లు కదల్లేదు. ఆమె అప్పటికే వంగి, విరగకాసిన మొక్క మొదలును రెండు చేతులా పట్టుకుని, ఆయన ఊఁ అనడం కోసం చూస్తోంది.