మనోళ్లకు ఈల ఊదుతరా

హోంగార్డుగా తీసుకున్న రోజు మా పక్కింటాయన ఖాకీ బట్టలు తొడుక్కుని ముందు మా ఇంటికే వచ్చాడు. "ఎట్లున్న బావా?" అని సిగ్గుపడుతూ టోపీ సర్దుకున్నాడు.

డ్యూటీ శామీర్‌పేట చౌరస్తాలో. తెలియని వాళ్లకు ఈల వేసేవాడు. మా ఊరివాళ్లు ఎదురైతే మాత్రం నోట్లోంచి ఈల తీసి వరసలు కలిపి పిలిచేవాడు. "జర ఆగు పెద్దమ్మా." "మామా, హెల్మెట్ ఏది?" ఎందుకలా అంటే, "మనోళ్లకు ఈల ఊదుతరా?" అని నవ్వేవాడు.

ఒకరోజు నా కారులో ప్లాట్లు చూడ్డానికి వచ్చిన సిటీవాళ్లున్నారు. ఫోన్ మాట్లాడుతూ సిగ్నల్ దాటబోయాను. ఆయన పరుగున వచ్చి కిటికీ దగ్గర వంగాడు.

"బావా, ఫోన్ పక్కకు పెట్టు. బడి పిల్లలు దాటుతాండ్రు."

"మీ చుట్టమా?" అని వెనక సీట్లో ఆవిడ అడిగింది.

"అబ్బే, ఎవరో హోంగార్డండీ. అందర్నీ అలాగే పిలుస్తాడు" అన్నాను. కిటికీ అద్దం దించే ఉంది.

పిల్లలు దాటేదాకా ఆయన చెయ్యి అడ్డంపెట్టి నిలబడ్డాడు. తర్వాత నావైపు చూసి, ఈల నోట్లో పెట్టుకుని, కదలమన్నట్టు గట్టిగా ఊదాడు.

మొన్న పొద్దున అక్కడే కారు ఆపి, "బావా" అని నేనే పిలిచాను.

ఈల వేశాడు.