ఫ్రిజ్ మీది రూలు

సింగపూరులో బుకిట్ బటోక్ వెళ్ళే బస్సులో మా ఆరేళ్ళ పాప, దీపావళికని నేను గుంటూరు నుంచి తెచ్చిన రీలు తుపాకీని బ్యాగులోంచి తీసి, ఎదుటి సీట్లోని పెద్దాయనకు గురిపెట్టింది. ఆయన నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తేశారు.

"పొద్దున ఒకసారి చెప్పాను. రెండోసారికి వారం రోజులు టీవీ బంద్!" అన్నాను. అది మా ఇంటి రూలు. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

"సంచిలో పెట్టమ్మా, ఈ ఊళ్ళో బొమ్మ తుపాకీకైనా భయపడతారు," అన్నారాయన, మలేషియా యాస తెలుగులో. ఇక్కడి కోర్టులో దుబాసీగా చేసి రిటైరయ్యారట.

"నేను పనిలో ఉన్నప్పుడు, లైసెన్సు లేని తుపాకీతో మన తెలుగువాడొకడు రెండోసారి దొరికాడు. 'ఇంతకు తక్కువ శిక్ష వెయ్యడానికి చట్టం ఒప్పుకోదు' అన్నారు జడ్జి. వాళ్ళమ్మకి అది తెలుగులో చెప్పాను. 'నువ్వు జడ్జిని సరిగ్గా అడగలేదేమో, మళ్ళీ అడుగు నాయనా' అంది."

"అడిగారా అంకుల్?" అన్నాను.

"ఎట్లా అడిగేది? దుబాసీ సొంతంగా ఏమీ అడగకూడదు. అదే మాట మళ్ళీ చెప్పాను. చట్టం మంచిదేనమ్మా, దానివల్లే మనం నిశ్చింతగా తిరుగుతున్నాం. ఆమె మాత్రం నా ముఖమే చూస్తా ఉండింది."

సారీ చెబితే సరిపోదా అని మా పాప తన సింగపూరు ఇంగ్లీషులో బెంగగా అడిగింది. "సే సారీ కెనాట్ ఆ, అంకుల్?"

"తుపాకీకి కెనాట్. టీవీకి కెన్ లా!" అని ఆయన నావైపు చూశారు. దిగేటప్పుడు పాపకేసి మళ్ళీ రెండు చేతులూ పైకెత్తారు.

ఇంటికెళ్ళి కాగితం మీద 'వారం రోజులు' కొట్టేశాను. ఆ చోట ఇంతవరకూ ఏమీ రాయలేదు.