రంగసామి మామ ఫ్యాను

ఈ పెరటాసి నెల శనివారం పొద్దున పెరుమాళ్ల పూజ అయ్యాక పాటలు పెట్టి, ఆంప్లిఫయర్ సెట్టు వెనక చెయ్యి పెట్టి చూశాను. వేడిగాలి మణికట్టుకు తగిలింది, దాంతోపాటు కాగిన దుమ్ము వాసన వచ్చింది. దాన్ని చల్లబరిచే ఫ్యాను తిరుగుతోందన్నమాట. చప్పుడు మాత్రం నాకు వినిపించలేదు. వంటింట్లోంచి వడల పళ్లెంతో వచ్చిన మా కోడలు సుధను, "సౌండు ఎట్లుండాదిమ్మా?" అని అడిగాను. "బాగుండాది మామా" అంది, చూపు పక్కకు తిప్పుకుని. నా మొహం వేడెక్కింది. ఒకప్పుడు నేనూ సరిగ్గా అలాగే చూపు తిప్పుకుని, రంగసామి మామకు ఆ మాటే చెప్పేవాణ్ణి.

రంగసామి మామ నాకు చుట్టం కాదు. కోయంబత్తూరు నూలుమిల్లులో కరెంటు పనులకు ఫోర్‌మన్, నేను ఆయన చేతికింద పనివాణ్ణి. మా ఇళ్లలో తెలుగు, గడప దాటితే తమిళం. మిల్లులో నన్ను ఇంటి భాషలో తిట్టిన మనిషి ఆయనొక్కడే కాబట్టి మామ అయ్యాడు. మోటారు పాడైందని పరుగెత్తుకెళ్లి చెబితే, "చెయ్యి పెట్టి చూస్తివా? చూడకుండా ఏం చెప్పొద్దు" అనేవాడు. నాకు పని వచ్చిందంటే ఆ ఒక్క మాటవల్లే. బతుకంతా స్పిన్నింగ్ యంత్రాల హోరులో తిరిగినందుకు ఆయన చెవులు దెబ్బతిన్నాయి. సన్నని చప్పుళ్లు ఆయనకు అసలు అందేవి కావు. ఎదుటివాళ్లు మాట్లాడితే సగం చెవితో, సగం వాళ్ల మొహం చూసి తెలుసుకునేవాడు. చెవుడని మాత్రం ఎవరూ అనకూడదు.

అటువంటి మనిషికి పాటలంటే ప్రాణం. తన చేత్తో ఆంప్లిఫయర్ కట్టుకుని, టేకు బీరువాలో, పెరుమాళ్ల పటం కింద పెట్టుకున్నాడు. మూసిన బీరువాలో వేడికి ఒకసారి లోపలి సామాన్లు మాడిపోయాయి. దాంతో ఎక్కడిదో పాత ప్యానెల్ ఫ్యాను తెచ్చి ఆ సెట్టు వెనక బిగించాడు. దానికి తెలిసింది ఒకటే వేగం. స్విచ్చి వేస్తే చాలు, ఈగల గుంపు చెవిలో దూరినట్టు సన్నగా కీచుమంటూ ఉండేది. ఆయనకు అది వినపడేది కాదు. పెరటాసి శనివారాల్లో వీధిలోని మన తెలుగు కుటుంబాలన్నీ ఆ ఇంట్లోనే చేరేవి. గోవిందలు చెప్పి, పాటలు విని, అరిటాకుల ముందు భోజనానికి కూర్చునేవాళ్లం. పెరుమాళ్ల దినాన, పెట్టిన ఇంట్లో లోటు ఎంచకూడదని మా ఆచారం. పొంగలిలో బెల్లం తగ్గినా, పాటలో ఫ్యాను కీచుమన్నా మా నోట ఒకటే మాట వచ్చేది, బాగుండాదని.

మామ భార్య రుక్మిణత్త బతికి ఉండగా ఆ హాల్లో తనే పాడేది. తెలుగులో ఇంటి పాటలు, ఎక్కడా రాసి లేనివి, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఆమె పోయాక మిగిలింది ఒక్క క్యాసెట్టు. మరుసటేడు పెరటాసిలో మామ దాన్ని పెట్టాడు. అత్తది మొదట్నుంచీ మెత్తని గొంతు. దాని మీద ఫ్యాను కీచు. మాకు ఒక్క చరణం కూడా తెలియలేదు. పాట మామకు కంఠస్థం కాబట్టి ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. అయిపోయాక నావైపు చూసి, "ఎట్లుండాదిరా గోపాలు?" అన్నాడు. "బాగుండాది మామా" అన్నాను. ఆ మొహం చూసి ఇంకోలా చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అలా ఆ ఏడు, ఆ పై ఏడు కూడా గడిచాయి.

ఆ తర్వాతి పెరటాసికి తేని ఊరినుంచి ఆయన చెల్లెలు వచ్చింది. పాట మధ్యలోనే గట్టిగా అడిగేసింది. "ఏంది అన్నా ఇది? వదిన పాడతా ఉండాదంటివి. నాకు ఈ ఫ్యాను సత్తం తప్ప ఏమీ వినపడలే." మామ లేచి క్యాసెట్టు ఆపాడు. ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చాడు. మేమంతా తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. చివరికి నా దగ్గర ఆగాడు.

"నీకు వినపడతా ఉండెనా, ఆ సత్తం?"

"ఉండె మామా."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

"అప్పురం ఏంటికి చెప్పలే?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కోప్పడలేదు. "సరి, ఆకులెయ్యండి" అన్నాడు. మొదటి వడ నా ఆకులోనే వేశాడు.

ఆ ఆదివారం నన్ను ఇంటికి రమ్మన్నాడు. గాంధీపురంలో కంప్యూటర్లకు వాడే చిన్న ఫ్యాను కొనుక్కొచ్చాడు. వేడి తగిలితే కరెంటు ఎక్కువ పోనిచ్చే చిన్న బిళ్ల ఒకటి, వేగం సరిచేసుకునే మర ఒకటి పెట్టాడు. సెట్టు చల్లగా ఉంటే ఫ్యాను నిదానం, కాగితే జోరు. "నాదస్వరం పెట్టినప్పుడు అది ఎంత అరిచినా ఎవరికి కావాల? మీ అత్త పాడేటప్పుడు మాత్రం నోరు మూసుకోని ఉండాల" అన్నాడు. స్క్రూడ్రైవరుతో మర తిప్పుతూ, "నాకు తెలీదు, నువ్వే చెప్పాల" అన్నాడు. కొంచెం తిప్పగానే, "చాలు మామా, వినపడలే" అన్నాను. ఆయన ఫ్యాను చట్రం మీద వేలు పెట్టి నన్ను చూశాడు. "ఇది గడగడమని అదరతా ఉండాది. నా వేలికి తెలిసేది నీ చెవికి తెలీదా?" అన్నాడు. అంత సిగ్గుపడ్డాక కూడా నా నాలుక పాత దారినే పోయింది. ఆ క్షణంలో నామీద నాకే అసహ్యం వేసింది.

ఆ చప్పుడు నిజంగా ఆగిందని నేను చెప్పేదాకా మర తిప్పి, మరుసటి శనివారం క్యాసెట్టు పెట్టాడు. మొదటిసారి అత్త గొంతు హాలంతా వినిపించింది. రెండో పాట మధ్యలో దగ్గు వచ్చి ఆగింది. ఆపైన మెల్లగా ఏదో మాట్లాడింది. దానికి చిన్నవయసు మామ గొంతు ఏదో జవాబు చెప్పింది. ఆడవాళ్లు కొందరు నవ్వబోయి తలలు వంచుకున్నారు. మామకు ఆ మాటలు అందలేదు, మా మొహాలు మాత్రం అందాయి.

"ఏమన్నదిరా?" అని నన్నే అడిగాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అందరూ నన్నే చూస్తున్నారు. గొంతు పెంచి చెప్పాను. "ఈ దినం నా గొంతు సరిలే, ఎట్లుండాదో నిజం చెప్పండి అన్నది మామా. మీరు బాగుండాది అన్నారు. అప్పుడు అత్త, మీకాడ అడిగి ఏం ప్రయోజనం, ఎప్పుడూ ఇదే మాట కదా అన్నది."

మామ పటంవైపు తిరిగాడు. "ఆ దినం నిజంగానే గొంతు కట్టుకోని ఉండె. నాకు తెలుసు" అన్నాడు. ఆయన తల దించుకోవడం నేను చూసింది అప్పుడే.

ఆయన పోయాక ఆ సెట్టును వాళ్లమ్మాయి నాకిచ్చింది. మిల్లు నా చెవులనూ వదల్లేదు. అందుకే ఈ పొద్దున సుధ వెళ్లబోతుంటే ఆపి, ఫ్యాను చట్రం మీద వేలు పెట్టాను. గట్టిగా అదురుతోంది. "నా వేలికి తెలస్తా ఉండాదిమ్మా. నిజం చెప్పు" అన్నాను.

సుధ చేతులు కొంగుకు తుడుచుకుంది. "కొంచెం సత్తం... లే మామా, బాగా సత్తం. పోయిన పెరటాసి నించీ."

ఏంటికి చెప్పలేదని నేను అడగలేదు. ఏడాదిపాటు వచ్చినవాళ్లందరి ముందూ కూర్చుని తల ఊపిన నా మొహమే నాకు కనిపించింది. స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చి, మర చూపించాను. నా మొహం చూస్తే మళ్లీ బాగుండాదంటుందని, గోడవైపు తిరిగి నిలబడ్డాను.