నాగరాజుకు బదులు గంగాధర్

శనివారం పొద్దున ఆరున్నరకు జగిత్యాల బస్టాండుకు పోయిన. బస్సులుండయని తెలుసు. అయినా అలవాటు కొద్ది కాళ్ళు అటే నడిచినయి. తెలంగాణ కోసం సమ్మె మొదలై పదిహేను రోజులు దాటింది. బస్సులు డిపోల్నే ఉన్నయి, మా బడికి తాళమే ఉన్నది. లేకుంటే సర్కారు బడి పంతులమ్మకు శనివారం పూట సిరిసిల్ల పోయే తీరిక ఎక్కడిది? బస్సులు ఆగే జాగల దీక్ష టెంటు ఏసిన్రు. అప్పటికే ఇద్దరు పెద్దమనుషులు జంపఖానా మీద కూసోని పేపర్ చదువుకుంటున్నరు.

నా పని చిన్నదే. మా తమ్ముడు గంగాధర్ కబడ్డీ ఆడుతడు. పదేండ్లు జగిత్యాలల మా ఇంట్లనే ఉండి, బట్టల దుకాణంల పనిచేసుకుంట జగిత్యాల జట్టుకు ఆడిండు. రెండేండ్ల కింద మా పుట్టిన ఊరు సిరిసిల్లకు పోయి సాంచెలు నడుపుతున్నడు. పవర్‌లూములను మా దగ్గర సాంచెలంటరు. మనిషి అక్కడికి పోయినా పేరు మాత్రం జగిత్యాల జట్టులనే ఉండిపోయింది.

ఈసారి పోటీలు సిరిసిల్ల కాలేజీ గ్రౌండ్ల పెట్టిన్రు. గంగాధర్‌ను మాకియ్యుండ్రని సిరిసిల్లోళ్ళు అడిగిన్రు. ఇస్తం గని మీ నాగరాజును మాకియ్యాలె అని జగిత్యాలోళ్ళు అన్నరు. నాగరాజుకు ఇరవై రెండేండ్లు, మంచి పొడుగు. మాట కుదిరింది. నాగరాజు కాయితం ముందు రోజే అందింది. గంగాధర్ కాయితం మీద మా జట్టు పెద్ద సంతకం పెట్టి, మా ఇంట్లున్న పాత గుర్తింపు కార్డుతోని శనివారం సాయంత్రం నాలుగింటి లోపల సిరిసిల్లల ఇయ్యాలె. నాలుగు దాటితే ఏ జట్టు లిస్టూ మారదు. జగిత్యాల లిస్టుల పేరు ముందే కొట్టేసిన్రు, అంటే మా తమ్ముడు ఏ లిస్టుల గూడ ఉండడు.

"నా బిడ్డ నా ఆట ఒక్కసారి గూడ చూడలేదక్కా. నువ్వే తేవాలె" అని ఫోన్ల అడిగిండు. వాడు నన్ను ఏదన్న అడుగుడే తక్కువ.

జట్టు పెద్ద మా డ్రిల్లు సారే. ఆయన కోరుట్లల అత్తగారింట్ల ఉన్నడు. అందుకే ముందుగాల కోరుట్ల పోవాల్సొచ్చింది. ఏడు గొట్టంగ జీపు దొరికింది. సమ్మె రోజులు గదా, బస్సు కిరాయికి రెండింతలు తీసుకున్నడు. ఎనిమిదింటికి దిగిన. డ్రిల్లు సారు చాయ్ తాపిచ్చి, గోడకు కాయితం ఆనిచ్చి సంతకం పెట్టిండు.

"మంచిగ ఆడుమను" అన్నడు. నా దిక్కు చూడలే. పెన్ను జేబుల పెట్టుకుంట లోపలికి పోయిండు. అప్పుడు నాకేం అనిపియ్యలే.

బస్టాండు పక్క హోటల్ల పూరీ తిన్న. వేములవాడ జీపు మనుషులు నిండితెనే కదులుతది. పది కావస్తుంటె కదిలింది. పోవాలనుకునేటోళ్ళు ఒకటి యాదుంచుకోండ్రి, ఆ తొవ్వల నడిమి సీటే మేలు. ఎనుక కూసుంటె గుంతగుంతకు తల మీద రేకు తాకుతది.

నడిమి సీట్ల నా పక్కన రాజలింగం అనే పెద్దమనిషి, జగిత్యాలాయననే, చుట్టాలింటికని కోరుట్ల వచ్చిండట. ఆఫీసుల అటెండర్‌గ చేసి రిటైరైండు. ఆయనకు ఎదురుంగ కోరుట్లల టైర్ల దుకాణం నడిపే మల్లేశం. ఇద్దరూ కబడ్డీ చూడనీకే సిరిసిల్ల పోతున్నరు. ఒకల ముఖం ఒకలు ఎరుగరు. అయినా పది నిమిషాలకే చిన్నప్పటి దోస్తుల తీరు కొట్లాట షురూ జేసిన్రు.

"ఇద్దరినిచ్చినా నాగరాజు అసొంటోడు దొరుకడు. మావోళ్ళు ఒక్కన్నిచ్చి తెచ్చుకున్నరు" అన్నడు రాజలింగం.

"గంగాధర్ తక్కువోడా? పదిహేనేండ్ల నుంచి ఆడుతున్నడు. మా కోరుట్లోళ్ళే అడగాల్సుండె. సోయి లేదు మావోళ్ళకు."

"పదిహేనేండ్ల నుంచి ఆడుతున్నడు, గదే బాధ. నాగరాజు కూతకు పోతె తక్కువల తక్కువ రెండు పాయింట్లు తెస్తడు. గంగాధర్ మొన్న మెట్‌పల్లిల ఎన్ని తెచ్చిండు? లెక్కజెప్పు."

"మెట్‌పల్లిల ఆయినకు సుస్తుండె."

రాజలింగం నవ్విండు. గొంతు తగ్గిచ్చి అన్నడు. "సుస్తు గాదు, మోకాలు పోయింది. ఏడాదైతున్నది. వరంగల్ల సూపెట్టుకున్నడట. సూది ఏపిచ్చుకోని ఆడుతున్నడు. మా డ్రిల్లు సారుకు ఎరుకే. పుచ్చు వంకాయను అంటగట్టి లేత వంకాయ తెచ్చుకున్నరు. తెలివంటె మావోళ్ళదే."

జీపుల అందరూ నవ్విన్రు. నేను సంచిలున్న కాయితం మీద చెయ్యి పెట్టుకోని కూసున్న. డ్రిల్లు సారు నా దిక్కు ఎందుకు చూడలేదో అప్పుడు సమజైంది. అంతకంటె ఎక్కువ ఇంకో సంగతి గుచ్చుకున్నది. వాడు ఏడాది నుంచి నాకు చెప్పలే. మొన్న పండుగకు మా ఇంటికి వచ్చినప్పుడు మెట్లు మెల్లగ దిగుతుంటె, ఒళ్ళు చేసినవురా అని ఎక్కిరిచ్చిన. వాడు గూడ నవ్విండు.

సాంచెల దగ్గర పన్నెండు గంటలు నిలబడే పని. ఆటల మోకాలు మొత్తానికే పోతె ఇల్లెట్ల గడుస్తది? ఈ కాయితం నేను తీసుకపోతున్ననంటే నా చేతులతోనే వాన్ని ఆ గండంలకు తోలుతున్నట్టు గాదా? జీపు దిగి తిరిగి పోవాల్నా అని గూడ అనుకున్న. గని బిడ్డ గురించి వాడన్న మాట యాదికొచ్చేది.

కథలాపూర్ దగ్గర జీపు ఆగింది. రోడ్డు మీద వంటావార్పు. తారు మీదనే మూడు మూడు రాళ్ళు పెట్టి పొయ్యిలు ముట్టిచ్చిన్రు. ఒక గంజుల అన్నం, ఒక గంజుల పప్పు, ఇంకో దాంట్ల వంకాయ కూర. ఒక పక్కన ఆడోళ్ళు బతుకమ్మ ఆడుతున్నరు. ఇటు జీపులు, అటు లారీలు. అందరూ తిన్నంకనే తొవ్వ ఇడుస్తమన్నరు. అప్పటికి పదకొండు కాలే.

ఎండల ఎంతసేపని నిలబడుతం? పొయ్యిల పక్కనే చెట్టు నీడకు అందరం కూసున్నం. ఒకటిన్నరకు మా బంతికి ఇస్తార్ల అన్నం పెట్టిన్రు. బాగున్నది, పప్పుల చింతపులుపు సరిగ్గ పడ్డది. పైసలియ్యబోతె వడ్డిచ్చే ఆమె కోపానికొచ్చింది. "తెలంగాణ బువ్వకు పైసలేందమ్మా?" అన్నది.

రాజలింగం నా పక్కనే కూసోని తింటున్నడు. "సిరిసిల్లల ఎవలున్నరు చెల్లె నీకు?" అని అడిగిండు.

"మా తమ్ముడు. గంగాధర్."

"ఏ గంగాధర్?"

"మీరు పొద్దటి సంది లెక్కలేస్తున్న గంగాధర్."

ఆయన చేతిల ముద్ద చేతిలనే ఉన్నది. మల్లేశం లేచి మంచినీళ్ళకు పోయిండు. రాజలింగం తల వంచుకోనే అన్నడు, "ఏమనుకోకు చెల్లె. ఆట మోజుల మనిషిని మర్శిపోయిన."

"మోకాలు సంగతి నిజమేనా అన్నా?"

"విన్నదే చెప్పిన. మెట్‌పల్లిల మాత్రం కండ్లార చూసిన. కింద పడ్డడు. చెయ్యి అందిస్తె అద్దన్నడు. తనకు తానే లేశి ఆడిండు."

కాయితం సంగతి, నాలుగింటి గడువు సంగతి, వాని బిడ్డ సంగతి చెప్పిన. రెండు కావస్తున్నది. ఇంకా తినాల్సిన బంతి ఒకటున్నది. కాయితం అందకపోతె లాభం రాజలింగం జట్టుకే. నాగరాజు ఎట్లాగూ వాళ్ళకు వచ్చే ఉన్నడు. ఆ లెక్క ఆయనకు రాదని గాదు. చెయ్యి కడుక్కోని, తువ్వాల భుజానేసుకోని, గరిటె పట్టుకున్న నాయకుని దగ్గరికి సక్కగ పోయిండు.

"గీమె చేతిల ఒక ఆటగాని కాయితమున్నది. నాలుగింటికల్ల సిరిసిల్లల ఇయ్యాలె. మా జీపు ఇడువుండ్రి."

"ఏ జట్టు?"

"సిరిసిల్ల."

"మాది కోరుట్ల జట్టు. ఐదింటికి పోండ్రి" అన్నడు ఆ నాయకుడు. సుట్టున్నోళ్ళందరూ నవ్విన్రు. రాజలింగం నవ్వలే. "బిడ్డకు ఆట చూపెట్టాల్నని ఒక తండ్రి ఎదురుచూస్తున్నడు" అని మాత్రం అన్నడు. ఆ నాయకుడు నా దిక్కు ఒకసారి చూసి, పొయ్యి రాళ్ళు తనే పక్కకు జరిపిండు. ఒక జీపు పట్టేంత సందు అయింది.

వేములవాడ చేరేసరికి మూడు దాటింది. మొక్కులకొచ్చినోళ్ళు తిరిగిపోను బస్సుల్లేక అరుగుల మీదనే మూటలిప్పుకోని కూసున్నరు. సిరిసిల్ల ఆటోల ఒక్కటే జాగ ఉన్నది. "నువ్వు పో చెల్లె, మేం ఎనుక వస్తం" అని రాజలింగం నన్నెక్కిచ్చిండు.

మూడున్నర దాటినంక సిరిసిల్ల కాలేజీ గేటు ముంగట దిగిన. గంగాధర్, వాని బిడ్డ అక్షయ నిలబడి ఉన్నరు. "అత్తా" అనుకుంట అక్షయ ఉరికొచ్చింది. దానికి ఎనిమిదేండ్లు. గంగాధర్ ఉరికి రాలే, నడుసుకుంట వచ్చిండు. ఆ నడక ఇప్పుడు సక్కగ కండ్లవడ్డది.

"తెచ్చినవా అక్కా?"

"తెచ్చిన. ముందు మోకాలు సంగతి చెప్పు."

వాడు బిడ్డ దిక్కు చూసిండు. దాన్ని గేటు లోపల చెట్టు కింద కూసోబెట్టి వచ్చిండు.

"ఎవరు చెప్పిన్రు?"

"జీపుల మొత్తం చెప్పిన్రు. అక్కకు తప్ప అందరికీ ఎరుకే."

"పోయింది నిజమే. ఆపరేషన్ అన్నరు. ఇప్పుడు కాదన్న."

"మరి సిరిసిల్లోళ్ళను మోసం చేస్తున్నట్టు గాదా?"

"వాళ్ళకు నేనే చెప్పిన. అడిగిన రోజే చెప్పిన. కూతకు పోలేను, మూలకు నిలబడి పట్టుకు ఆడుత, సగం ఆటనే ఆడుత అన్న. గంతే సాలు, మా పోరగాండ్లకు పట్టు పట్టుడు రాదు, నువ్వు పక్కనుంటె నేర్సుకుంటరు అన్నరు. అందరూ కూత పాయింట్లే లెక్కేస్తరక్కా. మూలకున్నోన్ని ఎవ్వరు లెక్కేస్తరు?"

"రేపు పడితె? సాంచె ఎట్ల నడుపుతవ్?"

వాడు వంగి మోకాలు రాసుకున్నడు. ఏం కాదని అబద్ధం మాత్రం చెప్పలే. నాలుగింటికి ఇంక పదిహేను నిమిషాలే ఉన్నది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. పదేండ్లు అన్నం పెట్టిన, నాకు చెప్పకపోతివి అని అడుగుదామనుకున్న. వాని ముఖం చూసినంక అడగలే. నా చేతిలున్నది కాయితం, వాని మోకాలు గాదు. దాని సంగతి తేల్చుకునేటోడు వాడే. సంచిల నుంచి కాయితం, పాత కార్డు తీసి ఇచ్చిన. వాడు లోపలికి పోయి ఇచ్చొచ్చినంక బిడ్డను ఎత్తుకోబోయి, ఆగి, చెయ్యి పట్టుకున్నడు.

ఆ రాత్రి మరదలు చేసిన జొన్నరొట్టె తిని వాళ్ళింట్లనే పండుకున్న. తెల్లారి ఐతారం పొద్దున తొమ్మిదింటికి ఆట. ముంగటి వరుసల నేను, మరదలు, అక్షయ, మా ఎనుక రాజలింగం, మల్లేశం. సిరిసిల్లకూ జగిత్యాలకూ పడ్డది. గంగాధర్ ఎడమ మూలకు నిలబడ్డడు. మోకాలికి పట్టీ ఉన్నది. ఒక్కసారి గూడ కూతకు పోలే. మొదటి సగంల నాగరాజు కూతకొచ్చి అవతలి మూలను తాకబోయి ఎనుకకు మళ్ళిండు. మళ్ళుడు మళ్ళుడే గంగాధర్ వాని చీలమండ దొరకవట్టిండు. నాగరాజు గీత దిక్కు రెండు గజాలు ఈడ్చుకపోయిండు. మావోడు ఇడువలే. కూత ఆగింది. నాకు తెలువకుండనే లేశి నిలబడ్డ.

సగం ఆట అయినంక వాడే చెయ్యెత్తి బయటికి వచ్చిండు. సిరిసిల్ల రెండు పాయింట్లతోని ఓడింది. అక్షయ ముఖం చిన్నబోయింది.

"అందరూ ఉరికిన్రు. నువ్వెందుకు ఉరకలే నాన్నా?"

"నేను పట్టుకునేటోన్ని బిడ్డా."

అది కొంచెంసేపు ఆలోచన చేసి, వాని పట్టీ మీది దుమ్ము తుడిచింది. ఓడిపోయినందుకు మాత్రం కోపం పోలే.

మూడింటికి నన్ను జీపెక్కియ్య వచ్చిండు. "ఆపరేషన్ చేపిచ్చుకుంట అక్కా. జట్టుల పేరు ఇంక ఇయ్య. నీకే ముందుగాల చెప్తున్న" అన్నడు. నేను వాని భుజం మీద చెయ్యి పెట్టిన.

వచ్చేటప్పుడు వేములవాడ నుంచి కొండగట్టు మీదుగ వచ్చిన. ఈ తొవ్వ మంచిగున్నది, గుట్టల నీడ పడుతది. జీపు నిండ ఆట చూసి వస్తున్నోళ్ళే. గెలిచిన సంబురంల ఉన్నరు. కొండగట్టు దాటంగ ఒకాయన అన్నడు, "నాగరాజుతోని గెలిచినం, బాగనే ఉన్నది. గని ఆ పట్టు చూసిన్రా? వచ్చేయేడు గంగాధర్‌ను తిరిగి తెచ్చుకోవాలె. ఇద్దరినిచ్చినా సరే."

"ముగ్గురినియ్యాలె" అన్నడు ఇంకొకాయన.

జగిత్యాల వచ్చేదాక అదే ముచ్చట. ఎవరినియ్యాలె, ఎవరిని అడగాలె, సిరిసిల్లోళ్ళు ఒప్పుకుంటరా అని. నాకు తెలిసిన సంగతి వాళ్ళకు తెలువది. నేను బయటి దిక్కు తిరిగి కూసోని, ఒక్క మాట పోకుండ విన్న.