బావగారు చదును చేయించిన చక్రం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, అమలాపురానికి దగ్గర్లోని ఒక కత్తుల వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా చేరాను. చేతిలో మెకానికల్ డిప్లొమా ఉంది. నా పైన యజమాని ప్రభుదాసు, ఆయన పైన ఆయన బావగారు. నా కింద ఎవరూ లేరు. ఉద్యోగం వదిలేశాను గనుక ఈ వరస ఇప్పుడు ధైర్యంగా రాయగలుగుతున్నాను.

ప్రభుదాసు కువైట్ నుంచి సెలవు మీద వచ్చి, కొబ్బరి గెలలు కోసే కత్తులు, చేపల కత్తులు చేసే షెడ్డు పెట్టాడు. చేతి గ్రైండరుతో పదును పెడితే అంచు వేడెక్కి నీలంగా మారేది. అలా మారిన ఉక్కు మెత్తబడి పదును నిలవదు. గరుకు కాగితంలాంటి ఎమరీ బెల్టుతో నడిచే గ్రైండరు కావాలి. కొనే స్తోమత లేక సొంతంగా చేద్దామన్నాడు. సెలవు ముగిసేలోగా అది తిరిగి తీరాలి. ఆయన భార్య సరోజిని ముందే తేల్చేసింది: “మిషను తిరిగితే ఇక్కడుండండి. లేదంటే విమానం ఎక్కండి. మధ్యలో నన్ను ఊగించకండి.”

డ్రాయింగు నాది. ఐ.పోలవరంలో మూతబడిన రొయ్యల చెరువు నుంచి, నీళ్ళు చిలికే ఏరేటరు మోటారు తెచ్చాం. దాని షాఫ్టుకు ఒక చక్రం, పైన మరొకటి, రెంటి మీదా బెల్టు, కత్తి ఆనించడానికి బెల్టు వెనక ఉక్కు పలక. వీటిలో పై చక్రం కీలకం. దాని నడుమ కొద్దిగా ఉబ్బుండాలి. తిరిగే బెల్టు ఎప్పుడూ ఎత్తున్న చోటికే పాకుతుంది కాబట్టి, ఉబ్బుంటేనే మధ్యలో నిలుస్తుంది. లేతు మిషను మీద అలాగే చేయించాను.

అప్పుడు బావగారు వచ్చారు. ప్రభుదాసు అక్కకు భర్త, రిటైరైన డ్రాయింగు మాస్టారు. షెడ్డు వేసిన స్థలం ఆయనదే. చక్రం మీద స్కేలు ఆనించి, “ఇదేంటండీ, దీనికి పొట్టొచ్చింది? లేతువాడు మిమ్మల్ని ముంచేసేడు” అన్నారు. కారణం వివరించాను.

“మీ పుస్తకంలో ఎలాగున్నా స్కేలు అబద్ధమాడదు బాబూ!”

చక్రాన్ని ఆటోలో తీసుకెళ్ళి, స్వయంగా నిలబడి చదును చేయించుకొచ్చారు. ప్రభుదాసు నన్ను పక్కకు లాగాడు. “ఊరుకోండి సారూ. ఆయన మొహం చిన్నబోతే మా అక్క మా గుమ్మం తొక్కదు.”

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. షెడ్డుకు కట్టిన ఫ్లెక్సీలో బావగారి ఫొటో గ్రైండరు కన్నా పెద్దది. స్విచ్చి ఆయనే నొక్కారు. బెల్టు కుడివైపుకి జరిగి, చక్రం దాటి, అతుకు దగ్గర తెగి, ఫ్లెక్సీలో ఆయన బుగ్గను చీల్చింది. జనాన్ని నేను దూరంగా నిలబెట్టాను కాబట్టి చీలింది ఫ్లెక్సీ ఒక్కటే.

“మోటారు మాత్రం భలే తిరిగిందండీ,” అన్నారు ఎవరో మర్యాదగా.

“బెల్టు నాసిరకం,” అని తేల్చారు బావగారు.

“ఆయ్,” అన్నారందరూ.

మర్నాడు సరోజిని అటక మీది సూట్‌కేసు దించి, దుమ్ము దులిపి ఎండలో పెట్టింది. దాన్ని చూసుకుంటూనే ప్రభుదాసు షెడ్డుకొచ్చాడు. “పొట్ట పెట్టించేయండి సారూ. బావగారికి తెలీకూడదు, అంతే.”

మళ్ళీ ఉబ్బుతో కొత్త చక్రం చేయించి బిగించాను. దాని మీదికి స్కేలు చొరబడకుండా రేకు తొడుగు వేసి, తొడుగు మీద బావగారి పేరు రాయించాం. ఈసారి బెల్టు మధ్యలోంచి కదల్లేదు. కత్తి అంచు నీలం తిరగలేదు. సూట్‌కేసు అటకెక్కింది.

బావగారు వచ్చి తొడుగును ప్రేమగా తట్టారు. “చూసేరా, చక్రం తిన్నగా ఉంటే ఎంత సాఫీగా పోతందో!”

“ఆయ్ బావగారూ,” అన్నాడు ప్రభుదాసు.

యంత్రం గీసేటప్పుడు బలం, వేగం, కొలతలతో పాటు ఇంటి పెద్దలకూ చోటు వదలాలని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత చేసిన ప్రతి యంత్రంలోనూ, ఏ పనీ చేయని బోల్టు ఒకటి అందరికీ కనబడేచోట కొంచెం వంకరగా బిగిస్తున్నాను. దాన్ని తిన్నగా చేయించిన పెద్దమనిషి ఎవరూ ఇంతవరకు చక్రాల జోలికి రాలేదు.